అడుగున రెండు వేళ్ల బీరు

ఏమయ్యా,

ఎట్లా ఉన్నావు? నేను బాగానే ఉన్నాను. నువ్వు పోయి ఈ మంగళవారానికి పదకొండు నెలలు నిండాయి. వచ్చే నెలలో సంవత్సరీకం. అప్పటిదాకా ఆగి అన్నీ కలిపి చెబుదామనుకున్నాను కానీ నా వల్ల కాలేదు. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నీకు చెప్పకుండా నేను దాచుకున్న విషయం ఏదైనా ఉందా?

నలుగురిలో ఉన్నప్పుడు నిన్ను 'మీరు' అనేదాన్ని. ఇంట్లో తలుపు వేసుకుంటే 'నువ్వు'. ఇది తలుపు వేసుకుని చెప్పే మాట. అందుకని నువ్వు అనే రాస్తున్నాను.

సంగతేమిటంటే... నేను బీరు తాగాను.

నిజమే. నేనే, నీ భాగ్యనే. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. నారాయణగూడలో, పట్టపగలు, భుజాన కూరగాయల సంచి తగిలించుకుని వెళ్లి మరీ తాగాను. నవ్వు, నవ్వు. నువ్వు నవ్వడం అయ్యాక మిగతాది చెబుతాను. మన పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు. నిజామాబాద్ నుంచి రోజూ ఫోన్ చేసి "అమ్మా, తిన్నవా" అని అడుగుతుంది. తిన్నావా అని అడిగితే తిన్నానని చెబుతున్నాను. తాగావా అని అది అడగలేదు కదా?

ముందు దుకాణం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే బీరు సంగతి నీకు అర్థం కాదు.

నువ్వు పోయిన పదిహేనో రోజున షట్టర్ తీశాను. మల్లేశ్ వద్దన్నాడు. నీ తమ్ముడు మంచివాడే, కాదనను. "వదినా, నీకెందుకీ పరేషాన్? కిరాయికిచ్చేద్దాం" అన్నాడు. మన గల్లీలో ఇప్పుడు రెండు షట్టర్లకొకటి జిరాక్స్ సెంటరో, పరీక్షలకు చదివే పిల్లల స్టడీ హాలో అయిపోయింది. మన షట్టర్ మీద కూడా ఎవరి కన్నో పడింది. నేను ఒప్పుకోలేదు. చిక్కడపల్లిలో టీ పొడి కలిపి అమ్మే దుకాణం అంటే నీ పేరే, సత్తెన్న దుకాణం. ఆ బోర్డు మీది అక్షరాలు రాసింది నేను. దాన్ని నేనే ఎట్లా దించుతాను?

పొడి కలపడం నాకు కొత్త కాదు. నీ పక్కన నిలబడి ఎన్నేళ్లు జల్లించాను, ఎన్నేళ్లు తూచాను! అస్సాం పొడి ఎంత, నీలగిరి ఆకు ఎంత, సన్న డస్ట్ ఎంత... నీ కొలతలన్నీ గోడ మీద పెన్సిల్‌తో రాసే ఉన్నాయి. పిసరంత తేడా రానివ్వలేదు. కాచిగూడ నుంచి అదే సరుకు తెప్పించాను. అదే జల్లెడ, అదే ఆకుపచ్చ రేకు డబ్బా.

అయినా రుచి పోయింది.

మొదట హాస్టల్ పిల్లలు అన్నారు. అశోక్‌నగర్ నుంచి వచ్చి చిన్న పొట్లాలు తీసుకెళ్తారే, వాళ్లు. "ఆంటీ, మునుపటి లెక్క లేదు. తాగినంక కూడా నిద్రొస్తున్నది" అందొక అమ్మాయి. పాలల్లో నీళ్లు పోస్తున్నారేమో చూసుకోమని దాని మీదే ఎగిరాను. ఆ తరువాత ఒక్కొక్కరే తగ్గారు. నోరు తెరిచి చెప్పేవాళ్లు నయం. చెప్పకుండా పక్కవీధి సూపర్ మార్కెట్‌కు మళ్లినవాళ్లను ఏమనాలి?

మేలో ఒక పొద్దున మొయిన్ భాయ్ స్వయంగా వచ్చాడు. క్రాస్ రోడ్స్ దగ్గర చాయ్ హోటల్ పెట్టినప్పటి నుంచీ మన పొడి తప్ప వేరే పొడి ముట్టని మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేల చూస్తూ అన్నాడు. "భాభీ, చాయ్‌ల జాన్ లేదు. గిరాకీ రోజూ అడుగుతున్నది. ఇంకో నెల చూస్త. అటెన్క నన్ను మాఫ్ చెయ్యాలె."

కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఆయన అంత నెమ్మదిగా అంటే తలూపాను. మొయిన్ భాయ్ పోతే దుకాణం లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజు నీ ఫొటో ముందు నిలబడి తిట్టాను నిన్ను. విన్నావా? కొలతలు గోడ మీద రాశావు సరే, నాలుకను ఎవరికి ఇచ్చి పోయావయ్యా?

పొద్దున్నే తెల్ల పింగాణీ కప్పులు ఆరు వరసగా పెట్టేవాడివి. ఒక్కోదాంట్లో చెంచాడు పొడి, పైన సలసల కాగే నీళ్లు. అయిదు నిమిషాలు అయ్యాక చెంచాతో తీసుకుని, సుర్రుమని వీధి చివరికి వినపడేటట్టు జుర్రి, నోరంతా తిప్పి, బొక్కెనలో ఉమ్మేవాడివి. ఆ చప్పుడంటే నాకు ఎంత సిగ్గుగా ఉండేదో! ఎన్నిసార్లు గొణిగాను, జర మెల్లగా తాగవచ్చు కదా అని? "మెల్లగ తాగితే నాలిక్కి ఒక్కటే తెలుస్తది. జుర్రితే ముక్కుక్కూడ తెలుస్తది" అనేవాడివి. నీ లెక్కలో ప్రతి చాయ్‌కీ ముక్కు ఉండాలి, నాలుక ఉండాలి, తోక ఉండాలి. ముక్కంటే వాసన, నాలుకంటే రుచి, తోకంటే మింగాక మిగిలేది. "తోక పట్టుకుంటే దొంగ దొరుకుతడు భాగ్యా" అనేవాడివి. నేను ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేదాన్ని. రుచి చూడడం నీ పని, తూచడం నా పని అనుకున్నాను.

ఆ వారంలోనే సుప్రజ వచ్చింది.

గుర్తుందా? బర్కత్‌పుర పిల్ల. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట వచ్చి డబ్బాల మూతలు తీసి వాసన చూసేది. నువ్వు కళ్లు మూసుకోమని చెప్పి, ఏ డబ్బానో చెప్పమనేవాడివి. పదికి ఎనిమిది చెప్పేది. పెద్దదయ్యాక బెంగళూరులో బీరు తయారీ నేర్చుకుని వచ్చింది. వాళ్లింట్లో వారం రోజులు ఎవరూ దాంతో మాట్లాడలేదు. నువ్వు మాత్రం ఎంత సంబరపడ్డావో! "చేసిననాడు నన్ను పిలువు బిడ్డా. బాగలేకుంటే బాగలేదనే చెప్త, ఏడువొద్దు మరి" అన్నావు.

ఆ మాట పట్టుకుని వచ్చింది అది. నారాయణగూడలో మూడో అంతస్తులో చిన్న బ్రూవరీ పెట్టారట, అక్కడ బీరు చేసేది ఈ పిల్లేనట. మొదటి పిల్స్‌నర్ తయారైంది, లేత రంగు బీరులో అదొక రకమట. అందరూ సూపర్ అంటున్నారు. దీనికి మాత్రం ఎక్కడో ఏదో తేడాగా ఉందట, ఏమిటో పట్టుబడడం లేదట. "అంకుల్ ఉంటే పట్టేటోడు ఆంటీ. నువ్వొచ్చి జర చూడవా" అంది.

నాకు నవ్వొచ్చింది. నా టీ పొడిలో తేడా నాకే తెలియడం లేదు, నేను బీరులో తేడా చెప్పాలట! నాకు నాలుక లేదమ్మా, నాలుక ఆయనది అన్నాను. అది నా చేయి పట్టుకుంది. "ముప్పై ఏండ్లు ఆయన పక్కన కూసున్నవు కద ఆంటీ" అంది.

ముప్పై ఏళ్లు... నీ పక్కన కూర్చున్నాను కానీ, నీ గ్లాసు ఏనాడైనా ముట్టానా?

ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించాక నీకు ఒక్క సీసా. రెండోది ఏనాడూ లేదు. మా నాయన తాగి ఇంటికొచ్చే వాసన నాకు పడదని పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పాను. అంతే, ఆ తరువాత ఎప్పుడూ నువ్వు డాబా మీదే కూర్చున్నావు. వానొస్తే గొడుగు పట్టుకుని కూర్చున్నావు. ఒక్కో గుటకకూ ఏదో ఒక వంక పెట్టేవాడివి. "ఇది తీపి. ఇది ఉత్త మంట. ఒక్కదానికన్న ముక్కున్నదా భాగ్యా? ముక్కున్న బీరు ఈ జన్మల తాగుతనో లేదో." మరి ఎందుకు తాగడం అంటే, వచ్చే వారం సీసాలో ఉంటుందేమో చూద్దామనేవాడివి.

ఎప్పుడూ గ్లాసు అడుగున రెండు వేళ్లు మిగిల్చేవాడివి. వేళ్లు అడ్డంగా పెట్టి కొలిచి మరీ. "ఇది నీ వాటా" అని నా ముందు పెట్టేవాడివి. నేను ముక్కు మూసుకుని తీసుకెళ్లి డాబా మీది కరివేపాకు కుండీలో పోసేదాన్ని. నీకు కోపం రాలేదు ఎప్పుడూ. "కరివేపాకును తాగుబోతును చేసినవ్. పులుసు తాగితే నాక్కూడ ఎక్కుతది ఇగ" అనేవాడివి. మళ్లీ ఆదివారం మళ్లీ రెండు వేళ్లు. ఈసారైనా తాగుతానేమోనని నిజంగా అనుకునేవాడివా? నేను ఎన్నడూ అడగలేదు.

సరే, మంగళవారం మధ్యాహ్నం వెళ్లాను. ఎండ మండిపోతోంది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆటో దిగి, తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని నాలుగు దిక్కులూ చూసి, లిఫ్ట్ ఎక్కాను. సాయంత్రం దాకా గిరాకీ ఉండదట, హాలంతా ఖాళీ. అద్దాల వెనక స్టీలు ట్యాంకులు, మన వైపు పెళ్లిళ్లలో వంట గుండిగలకు తమ్ముళ్లలాగా. చల్లగా ఉంది. ఏదో అన్నం ఉడుకుతున్నట్టు, జొన్నలు వేయిస్తున్నట్టు కమ్మటి వాసన. నేను అనుకున్న వాసన, మా నాయన వాసన, ఎక్కడా లేదు. సగం భయం అక్కడే పోయింది.

సుప్రజ ఒక సన్నటి పొడుగు గ్లాసులో పోసుకొచ్చింది. లేత బంగారు రంగు, కొద్దిగా మసక, పైన తెల్లటి నురుగు. నేను కూరగాయల సంచి తెరిచి నీ పింగాణీ కప్పు, నీ చెంచా, ఉమ్మడానికి ఒక స్టీలు మగ్గు తీసి బల్ల మీద పెట్టాను. ఏం చేయను మరి? నీ పద్ధతి తప్ప నాకు ఏ పద్ధతి తెలుసు?

ఆ పిల్ల గ్లాసు అందుకుంది. కప్పులో పోసింది. నేను చెంచాతో తీసుకుని, కళ్లు మూసుకుని, నిన్ను తలుచుకుని, సుర్రుమని జుర్రాను.

అయ్యో, ఏం చెప్పను! చాయ్‌లో గ్యాస్ ఉండదు కదా, దీంట్లో ఉంది. నురుగంతా ముక్కులోకి ఎక్కింది. దగ్గు, తుమ్ము, కళ్లల్లో నీళ్లు... చీర మీద, బల్ల మీద, నీ కప్పు మీద, అంతటా బీరే. సుప్రజ నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. నేనూ నవ్వాను. నువ్వు పోయాక అంతగా నవ్వింది అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడ ఏడుపులోకి దిగానో నాకే తెలియలేదు. అది లేచి వచ్చి నా పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యేసింది.

కాసేపయ్యాక పద్ధతి చెప్పింది. బీరును జుర్రకూడదట. ముందు గ్లాసు తిప్పి వాసన చూడాలి, మామూలుగా తాగాలి, ఉమ్మకూడదు, మింగాలి. దాని చేదు గొంతు దగ్గరే తెలుస్తుందట. అంటే తోక కావాలంటే మింగక తప్పదన్నమాట.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఏమయ్యా... దానికి ముక్కు ఉంది.

నిమ్మకాయ చెక్కు గోరుతో గీరినట్టు. వాన వెలిశాక గడ్డి కోసినట్టు. ఏదో తెల్ల పువ్వు, పేరు తెలియదు కానీ ఎక్కడో దగ్గర్లోనే పూసినట్టు. నువ్వు ముప్పై ఏళ్లు వారం వారం వెతికిన వాసన నా చేతిలో ఉంది, నువ్వు లేవు. ఇది న్యాయమేనా? నువ్వు చెప్పు.

హాప్స్ అని ఒక తీగ పువ్వట. బీరుకు చేదు దాని వల్లే వస్తుంది. మామూలుగా బీరు వండేటప్పుడే వేసి ఉడికిస్తారు. ఉడికితే వాసన ఆవిరైపోతుంది కదా, అందుకని ఈ పిల్ల బీరు పులిసిపోయాక, పొయ్యి సంగతే లేకుండా, చల్లటి బీరులో మళ్లీ ఇంకొన్ని ఎండు పువ్వులు వేసి నానబెడుతుంది. దాన్నే డ్రై హాప్ చేయడం అంటారట. ఉడకబెట్టకుండా చాయ్ దించినట్టు. నీకైతే ఒక్క మాటలో అర్థమయ్యేది.

తాగాను. నాలుక మీద జొన్నరొట్టె పెనం మీద నుంచి అప్పుడే తీసినట్టు కమ్మగా ఉంది. తరువాత చేదు. కాకర చేదు కాదు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు. శుభ్రంగా వచ్చి శుభ్రంగా పోతుంది. బాగుందే అనుకున్నాను. మింగి, నోరు మూసుకుని కూర్చున్నాను, నువ్వు కూర్చున్నట్టే.

అప్పుడు వచ్చింది తోక. పచ్చి ఆకు నమిలినట్టు, నాలుక కొద్దిగా పిడచకట్టినట్టు. ఇది నాకు తెలుసు. చాయ్ దించి మరిచిపోతే, ఆకు అందులోనే ఉండిపోతే వచ్చే తోక ఇది. ఎన్నిసార్లు వచ్చింది మన ఇంట్లో!

ఆలోచించకుండా అనేశాను. ఆకు ఎక్కువ సేపు ఉంది బిడ్డా, అని.

సుప్రజ మొహం చూడాలి నువ్వు. గ్లాసు కింద పెట్టేసింది. ఆ పువ్వుల సంచి నాలుగో రోజున తీయాలట. అప్పుడే వరంగల్‌లో వాళ్ల బాబాయి కూతురి పెళ్లి పడింది. వెళ్లి, తిరిగొచ్చి తీసేసరికి తొమ్మిదో రోజు. ఎవరికీ చెప్పలేదు. తేడా రాదులే అనుకుందట. "నాకే తెల్వాలె ఆంటీ. తెల్సినా ఒప్పుకోలే" అంది. నువ్వు చెప్పినట్టే ఏడవలేదు. దొంగ దొరికాడు. పట్టింది నేను! అంటే నాకు నాలుక ఉంది కదా? ఇన్నాళ్లూ ఉందా?

మరి ఉన్న నాలుకకు నా పొడిలో తేడా ఎందుకు తెలియలేదు? అదే అడిగాను నన్ను నేను. తెలియలేదు ఏమిటి, నేనెప్పుడు రుచి చూశాను? నువ్వు పోయాక ఆ ఆరు కప్పులూ ఒక్కసారి కూడా కిందికి దించలేదు. గోడ మీది అంకెలు చూశాను, తూచాను, అమ్మాను.

తిరిగి బయలుదేరుతుంటే సుప్రజ ఇంకో ట్యాంకు చూపించింది. ఈసారి పువ్వులు లెక్క ప్రకారం నాలుగో రోజున తీసిందట. ఒక గ్లాసు ఇవ్వమన్నాను, చూశావా నా ఆశ? ఇవ్వనంది. ఇంకా అయిదు వారాలు చలిలో పడుకోవాలట. ఓనర్ తొందరపెడుతున్నాడట, అయినా తెరవదట. "ఇప్పుడు తాగితే ఏ రుచికి ఆ రుచి పక్కపక్కన నిలబడి ఉంటది ఆంటీ. పండుకోనిస్తే అన్నీ ఒక్కటైతయ్" అంది.

నేను అక్కడే, ఆ ట్యాంకు ముందే, ఆగిపోయాను.

ఎవరి మాట అది? నీ మాట కాదూ? ఆదివారం పొద్దున పొడి కలిపి ఆకుపచ్చ డబ్బాలో పోసి, మూత బిగించి, మీద చేత్తో తట్టేవాడివి. "పండుకోనియ్యి. గురువారం దాకా ముట్టకు" అనేవాడివి. గిరాకీ వచ్చి నిలబడినా సరే, పాత డబ్బా అయిపోయినా సరే, గురువారమే. గురువారం పొద్దున తలస్నానం చేసి, బాబా పటానికి అగరుబత్తి వెలిగించి, అప్పుడు మూత తీసేవాడివి. నేనేమనుకున్నాను? అది నీ మొక్కు అనుకున్నాను. బాబా వారమని ఆగుతున్నావనుకున్నాను. ముప్పై ఏళ్లు అదే అనుకున్నాను. ఇంత భక్తి ఉంటే దుకాణం నడిచినట్టే అని నిన్ను ఎన్ని మాటలన్నానో! నువ్వు నవ్వేవాడివే తప్ప, అది మొక్కు కాదే పిచ్చిదానా, అస్సామూ నీలగిరీ కలిసిపోవడానికి నాలుగు రోజులు పడుతుందే అని ఒక్క ముక్క చెప్పావా? నాకు తెలుసనుకున్నావు. తెలిసే సతాయిస్తున్నాను అనుకున్నావు. అంతే కదా?

నువ్వు పోయాక నాకు ఆ దేవుడి మీద కోపం వచ్చింది. నిన్ను తీసుకుపోయినవాడి వారం కోసం నేనెందుకు ఆగాలి? పటం తిప్పి పెట్టాను. ఆదివారం పొద్దున కలిపి, ఆదివారం మధ్యాహ్నానికే డబ్బా తెరిచి అమ్మడం మొదలుపెట్టాను. నీకంటే చురుగ్గా నడుపుతున్నానని గర్వపడ్డాను కూడా. తొమ్మిది నెలలు... నేను అమ్మింది కలిసిన పొడి కాదు, పక్కపక్కన నిలబడ్డ పొడి.

ఆటోలో ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తు లేదు.

ఆ ఆదివారం కలిపాను. మూత బిగించాను. నీలాగే తట్టాను. సోమవారం మొయిన్ భాయ్ మనిషి వచ్చాడు, లేదన్నాను. మంగళవారం మల్లేశ్ వచ్చి ఖాళీ డబ్బాలు చూసి, "ఇగ అయిపోయింది కద వదినా" అన్నాడు. గురువారం దాకా నోరు విప్పకు అన్నాను. బుధవారం నాకు నిద్ర లేదు. తెరిచి చూడాలని చెయ్యి ఎంత గుంజిందో!

గురువారం తలస్నానం చేశాను. పటం ఇటు తిప్పాను, అగరుబత్తి వెలిగించాను. దేవుడితో నా గొడవ ఇంకా తీరలేదు, అది నీ కోసం. ఆరు కప్పులూ దించి కడిగాను. కాగే నీళ్లు పోశాను. అయిదు నిమిషాలు ఆగి, చెంచా తీసుకుని, షట్టర్ తీసి ఉండగానే, సుర్రుమని జుర్రాను. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. ఎదురింటి టైలర్ మిషన్ ఆపేసి బయటికొచ్చి చూశాడు. నాకు సిగ్గు వేయలేదు.

ముక్కు ఉంది. నాలుక ఉంది. తోక కూడా ఉంది, చాలాసేపు ఉంది.

ఆ పొడి నేనే తీసుకుని నడిచి క్రాస్ రోడ్స్‌కు వెళ్లాను. మొయిన్ భాయ్ తానే చాయ్ పెట్టించి, సాసర్‌లో పోసుకుని తాగాడు. ఇంకో సాసర్ పోసుకున్నాడు. అప్పుడు తలెత్తి నన్ను చూసి, "భాభీ... సత్తెన్న వాపస్ వచ్చిండా ఏంది?" అన్నాడు.

చెంగుతో మొహం తుడుచుకుని ఇంటికొచ్చాను.

దుకాణం నడుస్తోంది. హాస్టల్ పిల్లలు తిరిగొచ్చారు. నిద్ర ఆగుతోందట. మల్లేశ్ కిరాయి మాట ఎత్తడం మానేశాడు. ఆదివారాలు వచ్చి జల్లెడ పడుతున్నాడు. గోడ మీది నీ అంకెల పక్కన నేను కూడా ఒక ముక్క రాశాను, పెన్సిల్‌తోనే. నాలుగు రోజులు పడుకోవాలి, అని. ఇది నువ్వే రాసి ఉంటే ఏం పోయేదయ్యా?

మొన్న ఆదివారం సుప్రజ ఫోన్ చేసింది. రెండో ట్యాంకు తెరుస్తున్నాను, మొదటి గ్లాసు నీకే, రా అంది. దుకాణం మూసి మధ్యాహ్నం వెళ్లాను. ఈసారి చెంచా, మగ్గు తీసుకెళ్లలేదు. నాలుగు దిక్కులూ కూడా చూడలేదు.

అదే రంగు, ఈసారి ఇంకొంచెం తేట. అదే ముక్కు, కానీ నిమ్మ, గడ్డి, పువ్వు వేరు వేరుగా చెప్పడానికి లేదు. నాలుక మీద రొట్టె. తరువాత వేపపువ్వు. ఇక తోక కోసం కళ్లు మూసుకుని ఆగాను... ఆకు లేదు. శుభ్రంగా, చల్లగా, కొంచెం కొంచెంగా వెళ్లిపోయింది. బాగుందా ఆంటీ అని ఆ పిల్ల పదిసార్లు అడిగింది. నువ్వైతే ఏమనేవాడివో అదే అన్నాను. మంచిగ పండుకున్నది బిడ్డా, అని.

మొత్తం తాగలేదు. వేళ్లు అడ్డంగా పెట్టి చూసుకుని, అడుగున రెండు వేళ్లు ఉండగా ఆపేశాను. సంచిలోంచి ఊరగాయ డబ్బా తీసి, కడిగిందే, అందులో పోసుకుని మూత పెట్టాను. సుప్రజ అటు తిరిగి ట్యాంకు తుడుస్తున్నట్టు నిలబడింది. తెలివైన పిల్ల.

ఇంటికొచ్చేసరికి నురుగు పోయింది. వాసన ఉంది. డాబా ఎక్కి, నువ్వు కూర్చునే చోట కాసేపు కూర్చున్నాను. కరివేపాకు నా భుజం దాకా పెరిగింది ఇప్పుడు. మూత తీసి, కుండీలో పోశాను. ఇది నీ వాటా, అన్నాను.

మట్టి ఒక్క క్షణంలో తాగేసింది.

నువ్వు అన్ని ఆదివారాలు నా ముందు పెట్టావు, నేను ఒక్కసారి కూడా నోట పెట్టుకోలేదు. ఒక్క గుటక తాగి, చెత్తగా ఉంది అని అన్నా ఎంత సంతోషపడేవాడివో కదా? క్షమించు అని రాయను. నువ్వు నా మీద కోపం పెట్టుకుంటేగా క్షమించడానికి.

రేపు గురువారం. తొందరగా లేవాలి, మూత తీయాలి. సుప్రజ ఎప్పుడు కొత్త ట్యాంకు తెరిచినా వెళ్తాను. తాగుతాను. ముక్కు ఎట్లా ఉందో, తోక ఎట్లా ఉందో వచ్చి డాబా మీద నీకు చెబుతాను. అడుగున రెండు వేళ్లు నేను ముట్టను. అది మాత్రం మాట.

నీ
భాగ్య